వైద్యమా, వ్యాయామమా

ఇంద్రజ ఏం ఉద్యోగం చేస్తుందని కాలిఫోర్నియాలోని డబ్లిన్‌లో ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పడం ఆమె వల్ల అయ్యేది కాదు. వాళ్లుండే టౌన్‌హౌస్‌ల వరసలో దాదాపు అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. కంపెనీ పేరు చెబితే సరిపోయేది. ఇంద్రజ మాత్రం శాన్ లియాండ్రోలో ఒక చిన్న కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసులో పని చేసేది. "ఓక్లాండ్ రేవులో సరుకు దిగుతుంది కదండీ, అది ఏ కోవకి చెందుతుందో టారిఫ్ పుస్తకం చూసి తేల్చాలి. సుంకం దాన్ని బట్టే ఉంటుంది" అనేది. "అయితే మీరు కస్టమ్స్ ఆఫీసరా?" అని ఉత్సాహపడేవాళ్లు. "కాదండీ, సరుకు తెప్పించుకునేవాళ్ల తరఫున" అనేసరికి మాట పిల్లల చదువుల మీదికి మళ్లిపోయేది.

ఆమెకి మాత్రం ఆ పనంటే ఇష్టం. పెళ్లై అమెరికా వచ్చాక చాలా ఏళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉండిపోయింది. గ్రీన్ కార్డ్ వచ్చాక, 2002లో, ఆ ఆఫీసులో టైపింగ్ పనికి చేరింది. యజమానురాలు మార్లిన్ అరవై దాటిన మనిషి. లైసెన్సు ఆమె పేరు మీదే ఉండేది. ఒకసారి తాబేలు ఆకారంలో ఉన్న దీపం వస్తే, అది దీపమా, ఆటబొమ్మా అని అందరూ తర్జనభర్జన పడుతున్నారు. ఇంద్రజ దాన్ని చేతిలోకి తీసుకుని, "బల్బు మాడిపోతే దీన్ని పిల్లలకిస్తారా, చెత్తబుట్టలో పడేస్తారా?" అని అడిగింది. మార్లిన్ నవ్వింది. కొద్ది నెలల్లో టైపింగ్ పని ఇంకొకరికి పోయి, సరుకు తేల్చే పని ఇంద్రజకి వచ్చింది. ఒక వస్తువును ఎదురుగా పెట్టుకుని, ఇదేమిటి, దీన్ని ఎవరు వాడతారు, ఎందుకు వాడతారు అని నెమ్మదిగా ఆలోచించడంలో ఆమెకి ఒక ప్రశాంతత దొరికేది.

భర్త విశ్వనాథ్‌ది ఇందుకు పూర్తిగా ఎదురు స్వభావం. ఆయన ఉన్నచోట నిశ్శబ్దం ఉండేది కాదు. చీరాల మనిషి. ప్లెజంటన్‌లో ఒక కంపెనీలో డేటాబేసుల పని. వారాంతం ఎవరింట్లో భోజనాలైనా ఆయన చుట్టూ పదిమంది చేరేవాళ్లు. ఇంగ్లీషులో జోకులు వేసి అమెరికన్లను నవ్వించేవాడు, తెలుగులో మన వాళ్లను నవ్వించేవాడు. కూతురు భవితతో ఎప్పుడూ ఇంగ్లీషే. "తెలుగు దానంతటదే వస్తుందిలే" అనేవాడు. తండ్రీకూతుళ్లు కారులో పాటలు పాడుకుంటూ, ఒకర్నొకరు వెక్కిరించుకుంటూ తిరిగేవాళ్లు.

2008 చలికాలంలో, ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ విశ్వనాథ్ టేబుల్ మీదికి ఒరిగిపోయాడు. మెదడులో రక్తం గడ్డ కట్టిందన్నారు డాక్టర్లు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పోయింది. అప్పటికి ఆయనకి యాభై కూడా నిండలేదు.

మాట మూడు వారాలకి తిరిగొచ్చింది. వచ్చింది తెలుగు మాత్రమే. అదీ చిన్నప్పటి తెలుగు. ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన ఇంగ్లీషు ఎటు పోయిందో పోయింది. ఎవరైనా నెమ్మదిగా మాట్లాడితే కొంత అర్థమయ్యేది కానీ, నోట్లోంచి ఒక్క మాట వచ్చేది కాదు. మాట నేర్పించే థెరపిస్ట్ గొడుగు బొమ్మ చూపించి ఇదేమిటని అడిగేది. విశ్వనాథ్ నుదురు ముడివేసి, చెమటలు పట్టేదాకా తడుముకుని, "గొ... గొడుగు" అనేవాడు.

"కరెక్టే చెప్పారు. మా భాషలో దాన్ని అలాగే అంటారు" అని ఇంద్రజ పక్కనుంచి ఇంగ్లీషులో చెప్పేది.

ఆ అమ్మాయి మంచిదే. తలూపేది, చిరునవ్వు నవ్వేది. కానీ ఆమెకి తెలుగు రాదు. ఆయన చెప్పింది పూర్తి మాటో, సగం మాటో ఆమెకి తెలిసే దారి లేదు. వసంతం వచ్చేసరికి ఇన్సూరెన్స్ కంపెనీవాళ్లు, మెరుగుదల కనిపించడం లేదని మాట థెరపీ ఆపేశారు. ఆ వెనకే కాలి థెరపీ కూడా ఆగిపోయింది.

ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది భవిత. దానికి పన్నెండేళ్లు. తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడితే అక్షరాలు మెత్తబడిపోయేవి. 'త'కీ 'ట'కీ తేడా పలికేది కాదు. తండ్రి ఏదో చెప్పబోయేవాడు, ఇది "వాట్, డాడీ?" అనేది. ఆయన మళ్లీ ప్రయత్నించేవాడు. రెండుసార్లయ్యాక చెయ్యి విసిరేసి మొహం తిప్పుకునేవాడు. "డాడీకి నేనంటే కోపమా, అమ్మా?" అని అది వంటింట్లోకి వచ్చి అడిగేది.

"కోపం కాదే. మాట దొరకడం లేదు" అనేది ఇంద్రజ.

శ్యామ్‌సుందర్ వాళ్లింటికి వచ్చింది ఆ రోజుల్లోనే. అతను మార్లిన్ ఆఫీసుకి పాత కస్టమర్. ఇళ్లల్లో పెట్టుకునే ట్రెడ్‌మిల్లులూ డంబెల్సూ చైనా, తైవాన్‌ల నుంచి తెప్పించి అమ్మేవాడు. హేవర్డ్‌లో గోడౌను ఉంది. ఒకరోజు ఏదో పనిమీద వచ్చి, ఇంద్రజ కళ్లకింద నలుపు చూసి, "ఒంట్లో బాగాలేదా మేడమ్?" అని అడిగాడు. ఆమె ముక్తసరిగా చెప్పింది. చీరాల అన్నమాట వినగానే అతను కుర్చీలో ముందుకి జరిగాడు.

"మాది పక్కనే పేరాల వదినా!" అన్నాడు. మేడమ్ అప్పటికప్పుడే వదిన అయిపోయింది.

ఆ ఆదివారమే వ్యానులో ఒక మిషన్ వేసుకుని వచ్చాడు. కుర్చీ ముందు పెట్టుకునే తొక్కుడు మిషన్ అది. సైకిల్‌కి ఉన్నట్టే రెండు పెడల్స్, లోపల చిన్న మోటారు. కాలు పెట్టి బెల్టు బిగిస్తే, మనిషి తొక్కలేకపోయినా మోటారే కాలిని తిప్పుతుంది. థెరపీ సెంటర్లో విశ్వనాథ్‌ని కూర్చోబెట్టింది దాదాపు ఇలాంటి దాని మీదే. శాంపిల్‌గా వచ్చిందని, డబ్బు సంగతి ఎత్తవద్దని అంటూ శ్యామ్‌సుందర్ నేలమీద కూర్చుని స్వయంగా బెల్టులు బిగించాడు.

"అన్నయ్యా, వాడరేవులో సముద్రం ఇప్పుడు ఎంత ముందుకొచ్చిందో తెలుసా?" అని మొదలుపెట్టాడు.

విశ్వనాథ్ అతని మొహంలోకి చూశాడు. "బ... బస్సు..." అన్నాడు.

"ఆ, బస్సులోనే! టాప్ మీద ఎక్కేవాళ్లం. మా నాన్న చూస్తే తోలు తీసేవాడు."

విశ్వనాథ్ నవ్వాడు. నోరు ఒక పక్కకి వంకరపోయిన నవ్వు. అయినా అది నవ్వే. వంటింట్లో టీ కలుపుతున్న ఇంద్రజ స్టవ్ కట్టేసి, అక్కడే నిలబడి వింది.

అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నమైతే శ్యామ్‌సుందర్ రావడం, ఇద్దరూ కూర్చుని చీరాల వీధులన్నీ తిరిగి రావడం అలవాటైపోయింది. ఏ సినిమా హాల్లో ఏ కుర్చీలో నల్లులుండేవో, రైలు గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు ఎవరు వేసేవాళ్లో, కాలేజీ ఎగ్గొట్టి ఎక్కడ దాక్కునేవాళ్లో అన్నీ మాట్లాడుకునేవాళ్లు. విశ్వనాథ్ ఒక మాట అంటే శ్యామ్ దానికి నాలుగు కలిపేవాడు. తొందరపెట్టేవాడు కాదు. మాట తట్టక ఆయన ఆగిపోతే, వక్కపలుకు నములుతూ ఓపిగ్గా కూర్చునేవాడు. ఏడాది గడిచేసరికి ఒంటి మాటలు రెండు మాటలయ్యాయి, చిన్న చిన్న వాక్యాలయ్యాయి. శనివారం సాయంత్రమే, "రేపు... ఆ నీలం చొక్కా" అని ఇంద్రజకి చెప్పేవాడు.

2010 ఎండాకాలంలో శ్యామ్‌సుందర్ ఆ తొక్కుడు మిషన్లను పెద్ద ఎత్తున తెప్పించాలనుకున్నాడు. ముసలివాళ్ల కోసం, నడవలేనివాళ్ల కోసం ఇంటర్నెట్‌లో అమ్ముతాడట. ఆఫీసుకి వచ్చి ఇంద్రజ ఎదురుగా కూర్చున్నాడు.

"వదినా, దీన్ని థెరపీ పరికరంగా వేసెయ్యండి."

టారిఫ్ పుస్తకంలో ఇంటి వ్యాయామ సామానుకి సుంకం ఉంది. జబ్బుపడ్డ కండరాలకీ కీళ్లకీ చికిత్స చేసే యంత్రాలకి లేదు. రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఆ పుస్తకానికి రాసిన వివరణల్లో ఉంది. చికిత్స అంటే మామూలుగా వైద్యుడో థెరపిస్టో దగ్గరుండి చేయించేది. ఇంట్లో ఎవరికి వారు చేసుకునేది వ్యాయామం. సరుకు తేల్చడానికి ఇంద్రజకి ఎప్పుడూ ఇంత సులువైన ప్రశ్న ఎదురుకాలేదు. ఇంత కష్టమైనదీ ఎదురుకాలేదు.

"ఇవి ఇళ్లకే కదా అమ్ముతున్నారు, శ్యామ్ గారూ?"

"ఇళ్లకే. అన్నయ్య లాంటివాళ్లకి. అన్నయ్యకి అది థెరపీ కాదా? కాలు కదులుతోందా లేదా చెప్పండి."

"కదులుతోంది. మోటారు కదిలిస్తోంది" అంది ఇంద్రజ. అన్న తరవాత తన మాట తనకే గుచ్చుకుంది.

థెరపీ సెంటర్లో ఏం జరిగేదో ఆమెకి కళ్లకు కట్టినట్టు గుర్తుంది. థెరపిస్ట్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంచేవాడు. కాలు ఎక్కడ బిగుసుకుంటుందో, ఎక్కడ తనంతట తాను కదలబోతోందో ఆ చేతికి తెలిసేది. వెంటనే వేగం తగ్గించేవాడు, పెంచేవాడు. ఇంట్లో ఆ చెయ్యి లేదు. తను ఎన్నోసార్లు అదే విధంగా మోకాలి మీద చెయ్యి వేసి చూసింది. తనకి ఏమీ తెలియలేదు. ఇంటి మిషన్ మీద ఏడాదికి పైగా తిరిగిన కాలు, మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది.

"కస్టమ్స్‌నే ముందుగా అడుగుదాం. బైండింగ్ రూలింగ్ అని, తర్వాత మాట మార్చకుండా తీర్పు రాసిస్తారు. వాళ్లు థెరపీ అంటే మీకూ భయముండదు" అంది.

"అడిగితే వ్యాయామం అంటారని మీకు తెలుసు, నాకూ తెలుసు" అన్నాడు శ్యామ్. "ఈ ధరకి పోటీలో నిలబడాలంటే నాకు ఇదొక్కటే దారి వదినా. మిమ్మల్ని నేనెప్పుడూ ఏమీ అడగలేదు."

నిజమే, అతనెప్పుడూ ఏమీ అడగలేదు. ఇంద్రజ మార్లిన్ గదిలోకి వెళ్లింది. మార్లిన్ అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అలాంటిది వాడుతుంటే చూసినదానివి నువ్వు. నువ్వేం చెబితే దాని మీద సంతకం పెడతాను" అంది. థెరపీగా రాయడానికి వీల్లేదని మార్లినే అని ఉంటే బాగుండేదని ఇంద్రజకి చాలా ఏళ్లపాటు అనిపించింది. నెపం వేయడానికైనా ఒక మనిషి దొరికేది.

బయటికి వచ్చి, "వ్యాయామ సామాను కిందే వేస్తాను, శ్యామ్ గారూ. వేరేగా రాయలేను" అంది.

అతను గట్టిగా మాట్లాడలేదు. "సరే వదినా" అని లేచాడు. ఆ వారంలోనే అతని సరుకంతా వేరే బ్రోకర్‌కి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం విశ్వనాథ్ నీలం చొక్కా వేయించుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం అయింది, సాయంత్రం అయింది.

"శ్యాం... రాలేదేం?"

"ఏదో పనిలో ఉన్నారటండీ. ఫోన్ చేశారు."

ఫోనేమీ రాలేదు. పై వారం ఊళ్లో లేడంది. ఆ తర్వాత జ్వరమంది. ఇంద్రజకి అబద్ధాలు అలవాటు లేదు. వాటిని ఆమె చెప్పే తీరు చూసి భవిత తల దించుకునేది. కొన్నాళ్లకి విశ్వనాథ్ అడగడం మానేశాడు. నీలం చొక్కా కూడా అడగలేదు. భార్యతో మాట్లాడమంటే, ఏం మాట్లాడతాడు? ఇంద్రజది కరీంనగర్. వాడరేవు బస్సు ఆమె ఎరగదు. ఆఫీసు, వంట, మందులు, స్నానం, భవిత స్కూలు, వీటి మధ్య ఆమెకి ఒక చోట కూర్చునే తీరికే లేదు. కూర్చున్న రోజున, ఆయన మాట కోసం తడుముకుంటుంటే ఆగలేక తనే అందించేసేది. ఆయన వాక్యాలు మళ్లీ రెండు మాటలకీ, రెండు మాటలు ఒంటి మాటకీ తగ్గిపోయాయి.

ఆమె ఇక ఉండబట్టలేక ఒక శనివారం హేవర్డ్ వెళ్లింది. గోడౌనులో తొక్కుడు మిషన్ల పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. శ్యామ్‌సుందర్ ఆమెని చూసి గాభరాపడి కుర్చీ తెచ్చి వేశాడు.

"నా మీద కోపం నా దగ్గరే ఉంచండి. ఆయనేం చేశారు? వారం వారం కిటికీ దగ్గర కూర్చుంటున్నారు" అంది.

"కోపం కాదు వదినా. మీ ఇంటికొస్తే ఆ మిషన్ ఎదురుగా ఉంటుంది. మీరు టీ తెచ్చిస్తారు. నేను ఇక్కడ చేస్తున్నదేంటో మీకు తెలుసు. మీకు తెలుసని నాకు తెలుసు. ఆ టీ ఎలా తాగను?"

"నేను ఎవరికీ చెప్పను కదా."

"చెప్పరు. అందుకే రాలేకపోతున్నా."

వస్తానని మాటిచ్చాడు. వచ్చాడు కూడా, భార్యని వెంటబెట్టుకుని, పళ్లబుట్టతో, పేషెంటును చూడ్డానికి వచ్చినట్టు. సోఫా అంచున కూర్చున్నాడు. "ఎలా ఉన్నారు అన్నయ్యా?" అన్నాడు. నువ్వు పోయి మీరు వచ్చింది. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నాడు, ఫ్రీవే మీద ట్రాఫిక్ గురించి చెప్పాడు. విశ్వనాథ్ ఒక మాట కోసం తడుముకుంటుంటే ఫోన్ మోగింది. అతను ఫోన్ ఎత్తాడు. అరగంట లోపే లేచారు.

తలుపు వేసి వచ్చేసరికి విశ్వనాథ్ ఆమెనే చూస్తున్నాడు.

"ఎందుకు... పిలిచావ్?"

ఇంద్రజ ఆయన కాళ్ల దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. మిషన్ సంగతి, సుంకం సంగతి, తను రాయననడం, గోడౌనుకి వెళ్లడం. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. సమాధానం కోసం ఎంతసేపు వెతుక్కున్నాడో. ఈసారి ఆమె మాట అందించలేదు.

"ఒక్క... మాటేగా, ఇంద్రా" అన్నాడు చివరికి.

ఆ మాటలో నింద ఉందో, జాలి ఉందో ఆమెకి అర్థం కాలేదు. అడగలేదు. లేచి వెళ్లి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

రెండేళ్ల తర్వాత, శ్యామ్‌సుందర్ సరుకు మీద కస్టమ్స్‌వాళ్ల కన్ను పడిందనీ, అవి వ్యాయామ సామానేనని తేల్చి వెనకటి సుంకం కూడా కట్టించుకున్నారనీ మార్లిన్ చెప్పింది. "నువ్వు చెప్పిందే నిజమైంది" అంది. ఇంద్రజ అవునంది. ఇంటికి వెళ్తూ బార్ట్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆ మాట వల్ల తనకి కొంచెమైనా సంతోషం కలుగుతుందేమోనని వెతుక్కుంది. కలగలేదు.

మధ్యలో ఒక ఆర్నెల్లు కొంత వెలుగొచ్చింది. పక్క వరసలో కొడుకు దగ్గరికి వచ్చిన పరంధామయ్య అనే పెద్దాయన, ఒంగోలు వైపు రిటైర్డ్ టీచరు, ఊసుపోక మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేవాడు. పేపర్లో వార్తలు చదివి వినిపించేవాడు. విశ్వనాథ్ మళ్లీ నాలుగు మాటలు కూడగట్టుకుంటుండగా ఆయన వీసా గడువు అయిపోయింది. వెళ్లేముందు విశ్వనాథ్ ఎడమచెయ్యి పట్టుకుని, "మళ్లీ ఏడాదికొస్తా నాయనా" అన్నాడు. ఆ మళ్లీ ఏడాది వచ్చేదాకా విశ్వనాథ్ లేడు.

2013 చివర్లో రెండోసారి స్ట్రోక్ వచ్చింది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాడు. ఆఖరి రోజు ఇంద్రజ బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చిన గంటలో పోయాడు. పక్కన భవిత ఒక్కతే ఉంది.

"డాడీ ఏదో చెప్పాడు, అమ్మా" అంది భవిత. పదిహేడేళ్ల పిల్ల, చిన్నపిల్లలా తల్లి చెయ్యి పట్టుకుంది. "రెండుసార్లు చెప్పాడు. నేను 'ఓకే డాడీ' అన్నాను. కానీ నాకు అర్థం కాలేదు."

"ఏమన్నారమ్మా?"

"'కొటల్లో' అన్నాడు. లైక్, 'కొటల్లో'... తర్వాత ఇంకేదో. నువ్వు చెప్పు, అదేంటి?"

ఇంద్రజ దాని నోటి వంకే చూసింది. మళ్లీ చెప్పమంది. ఎన్నిసార్లు చెప్పినా అది అలాగే వచ్చింది. ఆయన అన్నది 'త'నో 'ట'నో ఆ నోట తేలదు. కొత్తల్లో అన్నాడా? పెళ్లైన కొత్తల్లో అని తనకేదైనా చెప్పబోయాడా? భవిత కళ్లనిండా నీళ్లతో, "సారీ అమ్మా, సారీ" అంటోంది. ఇంద్రజ దాన్ని దగ్గరికి తీసుకుంది.

అంత్యక్రియలు హేవర్డ్‌లో జరిగాయి. శ్యామ్‌సుందర్ వచ్చాడు. ముందు వరసలో నిలబడలేక వెనక గోడకి ఆనుకుని, మొహానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అందరూ వెళ్లాక ఇంద్రజ అతని దగ్గరికి నడిచి వెళ్లింది. ఆరోపణ చేయడానికి కాదు. ఆ ఊరి మాట తెలిసినవాడు అక్కడ అతనొక్కడే.

"ఆఖర్న ఈ మాట అన్నారట" అని భవిత పలికినట్టే పలికి వినిపించింది.

శ్యామ్‌సుందర్ కళ్లు తుడుచుకుని ఆలోచించాడు. "మా వైపు మగ్గాలుండే పాకల్ని 'కొట్టాలు' అంటారు వదినా. కొట్టాల్లో అన్నాడేమో. ఎండాకాలం మధ్యాహ్నాలు పిల్లలందరం వాటిల్లోనే పడుకునేవాళ్లం, చల్లగా ఉంటుందని." తల అడ్డంగా ఊపాడు. "లేకపోతే ఇంకేదన్నా అన్నాడేమో. చెప్పలేను. నేను వస్తూ ఉండి ఉంటే తెలిసేది."

పార్కింగ్‌లో భవిత కారు స్టార్ట్ చేసి ఎదురుచూస్తోంది. "మీరు ఎలా వెళ్తారు?" అని ఇంద్రజ శ్యామ్‌ని అడిగింది. నా బండి ఉంది వదినా అన్నాడు. ఆమె తలూపి, చెప్పులు వేసుకుని కారు వైపు నడిచింది.